గడియారాల డాక్టరు ఫీజు

"ఈసారి ఉగాది సంచికకి డయాబెటిస్, కొలెస్టరాల్ కాకుండా మరేదైనా రాయండి డాక్టరు గారూ" అన్నారు సంపాదకవర్గం వారు. వాళ్ళ బాధ నాకు అర్థమైంది. ఏటా ఉప్పు తగ్గించమనీ, రోజూ నడవమనీ నేను రాయడం, మీరది చదివి పులిహోర రెండోసారి వడ్డించుకోవడం మామూలైపోయింది. అంచేత ఈసారి కూడా వైద్యం గురించే రాస్తున్నాను గాని, అది మనుషులకు చేసేది కాదు, గడియారాలకు చేసేది. అందులోనూ జబ్బుల సంగతి కాదు, ఫీజు సంగతి.

ఈ గొడవంతా మా నాన్నగారి వాచీతో మొదలైంది. అది హెచ్.ఎం.టి. జనతా. 1975లో పెళ్ళినాడు మా తాతగారు, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారు పెట్టినది. ఆ రోజుల్లో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో, ఈ మూడింటిలో ఎన్ని పెట్టగలిగితే మామగారికి అంత పరువు. మా తాతగారు వాచీ దగ్గర ఆగిపోయారు. నాన్నగారు తెనాలిలో హైస్కూలు లెక్కల మాస్టారు. 2006లో రిటైరయ్యేదాకా, ముప్పయ్యొక్క సంవత్సరాలు ఆ వాచీ ఆయన ఎడమ చేతినే అంటిపెట్టుకుని ఉంది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, వాచీకి కీ ఇచ్చి, ఆ తరవాతే కాఫీ. రిటైరైనప్పుడు తోటి మాస్టార్లందరూ కలిసి ఒక బ్యాటరీ వాచీ బహూకరించారు. దాంతో హెచ్.ఎం.టి. బీరువాలోకి వెళ్ళిపోయింది. 2021లో నాన్నగారు పోయారు. ఆ తరవాత ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ దాన్ని జేబురుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకోరా. నడవదు మరి" అంది.

ఈ తరం పిల్లల కోసం రెండు ముక్కలు. హెచ్.ఎం.టి. అంటే హిందుస్థాన్ మెషిన్ టూల్స్. ప్రభుత్వ సంస్థ. 1961లో బెంగుళూరులో, జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో వాచీలు చెయ్యడం మొదలుపెట్టింది. జనతా అన్నది అందులో సామాన్యుడి వాచీ: పదిహేడు జ్యుయెల్స్, రోజూ కీ ఇవ్వాలి, తారీకు చూపించదు, హంగులేమీ ఉండవు. మన హైదరాబాదు ఆల్విన్ వారు కూడా జపాన్ సీకో సహకారంతో వాచీలు చేశారు. ఆ బాపతు వాచీలు ఇప్పటికీ కొందరి ఇళ్ళల్లో ఉండే ఉంటాయి. చివరికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. అంటే మా నాన్నగారి వాచీకి ఇప్పుడు పుట్టిల్లు లేదు.

అమెరికా తిరిగొచ్చాక దాన్ని ముందు మా ఊరి మాల్‌లో ఒక దుకాణానికి పట్టుకెళ్ళాను. కౌంటర్లో ఉన్న కుర్రవాడు వెనకమూత కూడా తియ్యకుండానే, "ఇది బాగుచేయించే పాటి వాచీ కాదండీ" అని చెప్పి, పక్క అరలో ఉన్న కొత్త వాచీల వైపు చూపించాడు. నేను పరీక్షించకుండా ఒక రోగితో ఇలా అంటే నా లైసెన్సు ఉంటుందా అనుకుంటూ బయటికొచ్చాను. తరవాత ఎవరో చెప్పగా, నలభై నిమిషాల దూరంలో ఉన్న మరో చిన్న ఊళ్ళో ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. కంటికి భూతద్దం బిగించుకుని మూత తీసి, చాలాసేపు చూసి, ఒక యంత్రం మీద పెట్టి విని, "మూడువందల పాతిక డాలర్లవుతుంది, ఆరు వారాలు పడుతుంది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మనలో చాలామందికి ఉన్న జబ్బే నాకూ ఉంది. ఎన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నా, ఏ ధర విన్నా మనసులో రూపాయల్లోకి మార్చుకోవడం. ఇరవై ఏడువేల పైచిలుకు! వాచీ కట్టుకున్న కొత్తలో నాన్నగారు నాలుగేళ్ళు పాఠాలు చెప్పినా అంత జీతం వచ్చి ఉండదు. వాచీ ఖరీదేమో ఆ రోజుల్లో వందన్నర లోపేనని ఆయనే చెప్పేవారు. "ఆలోచించుకుని చెప్తాను" అని వాచీ జేబులో వేసుకుని వచ్చేశాను.

ఆ శనివారమే మన అసోసియేషన్ మిత్రులింట్లో భోజనాలు. అక్కడ ఈ సంగతి కదిలిస్తే పెద్ద చర్చే జరిగింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మిత్రుడు, "డాక్టర్ గారూ, ఆ డబ్బు పెడితే కొత్త ఆటోమేటిక్ వాచీలు రెండొస్తాయి. అదీ గ్యారంటీతో" అన్నాడు. ఇంకొకాయన, "ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకోండి. అయిదొందలిస్తే చేసి పెడతాడు" అన్నాడు. సివిల్ ఇంజనీరు గారు మాత్రం ఒక మంచి ప్రశ్న వేశారు: "అసలు ఆ మూడొందల పాతిక దేనికిట? ఏ లెక్కన వేశాడు?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నా బిల్లు చూసి మా పేషెంట్లు అడిగే ప్రశ్న కూడా సరిగ్గా అదే! అందుకని మర్నాటి వారం మళ్ళీ ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళి, సిగ్గు విడిచి అదే అడిగాను. ఆయన కోపగించుకోలేదు. "ఇన్నేళ్ళలో ఖరీదెక్కువని వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎందుకని అడిగినవాళ్ళు తక్కువ" అని స్టూలు చూపించాడు.

ఆయన చెప్పినదీ, ఆ తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తాను.

మన గుండె నిమిషానికి డెబ్భై రెండుసార్లు కొట్టుకుంటుందనుకుంటే, రోజుకి లక్ష పైచిలుకు. జనతా వాచీలో బ్యాలెన్స్ చక్రం గంటకి 18,000 సార్లు, అంటే సెకనుకి అయిదుసార్లు ఊగుతుంది. రోజుకి 4 లక్షల 32 వేలు. ఏడాదికి పదిహేనున్నర కోట్ల పైన. ఇంత పనీ ఆవగింజలో పదో వంతు కూడా ఉండని నూనె చుక్కల మీద నడుస్తుంది. ఆ నూనె నాలుగైదేళ్ళకో, కాస్త అటూ ఇటూగానో ఎండుతుంది, చిక్కబడుతుంది. అప్పుడు భాగాలు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. అందుకని సర్వీసింగ్ అంటే పైపైన ఒక చుక్క నూనె వెయ్యడం కాదు. వాచీలో ఉన్న భాగాలన్నీ విడదియ్యాలి. ఒక్కొక్కటీ కడగాలి. అరిగినవి ఏవో భూతద్దంలో చూసి ఏరాలి. మళ్ళీ కూర్చుతూ, ఎక్కడ ఏ నూనె, ఎంత వెయ్యాలో అంతే వెయ్యాలి. వేగంగా తిరిగే చోట పల్చని నూనె, బరువు మోసే చోట చిక్కని నూనె, కమాను దగ్గర గ్రీజు. ఎక్కువ వేస్తే తక్కువ వేసినంత చేటు. మందు మోతాదు లాంటిదే. ఆ తరవాత యంత్రం మీద పెట్టి, వెల్లకిలా, బోర్లా, నిలువుగా రకరకాలుగా ఉంచి రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోందో చూసి సరిచెయ్యాలి. కొన్నాళ్ళు ఊరికే పెట్టి గమనించాలి.

చేతి పని మొత్తం మూడున్నర గంటలు అన్నాడాయన. అప్పుడు నా బిల్లు ఇలా విడదీసి చెప్పాడు: పనికి 285 డాలర్లు, కొత్త కమానుకి 25, పైన ప్లాస్టిక్ అద్దానికి 15. మొత్తం 325. అంటే గంటకి ఎనభై ఒక్క డాలర్లు. నా కారు బాగుచేసే డీలరు గంటకి దీనికి రెట్టింపు దాకా తీసుకుంటాడు. అతనితో నేనెప్పుడూ వాదించలేదు. కారు లేకపోతే ఆసుపత్రికి వెళ్ళలేను గనక!

పోనీ ఆ ఎనభై ఒకటీ ఆయన ఇంటికి పట్టుకెళ్తాడా అంటే అదీ లేదు. అందులోంచే దుకాణం అద్దె, ఇన్సూరెన్సు, పనిముట్లు, కడిగే ద్రావకాలు, చిన్న చిన్న సీసాల్లో వచ్చే ఖరీదైన నూనెలు, పన్నులు. ఒక ఏడాది గ్యారంటీ ఇస్తాడు గనక, తిరిగొచ్చిన వాచీని ఉత్తపుణ్యానికి మళ్ళీ విప్పాలి. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది మరొకటి. నాలాగా వచ్చి, మూత తీయించుకుని, అరగంట పరీక్ష చేయించుకుని, "ఆలోచించుకుని చెప్తాను" అని వెళ్ళిపోయేవాళ్ళ అరగంటలు. ఆయన ఎస్టిమేటుకి డబ్బు తీసుకోడు. కాని ఉచితం అన్నది ఎవరో ఒకరు కట్టేదే. బాగుచేయించుకున్నవాళ్ళ బిల్లులోనే చేయించుకోని వాళ్ళ పరీక్ష ఖర్చు కూడా కలిసి ఉంటుంది.

ఇదంతా వింటుంటే నాకు బాగా తెలిసిన పాఠమే ఎవరో తిరగేసి చెప్తున్నట్టనిపించింది. మన డాక్టర్లందరికీ తెలుసు, 1992 జనవరి నుంచి మెడికేర్ వాళ్ళు డాక్టర్ల ఫీజులకి ఒక కొత్త పద్ధతి పెట్టారు. హార్వర్డ్‌లో విలియం షియావ్ అనే ఆర్థికవేత్త బృందం చేసిన అధ్యయనం దానికి పునాది. అందులో ప్రతి సేవకీ మూడు పాళ్ళు: డాక్టరు చేసే పని, ప్రాక్టీసు నడిపే ఖర్చు, మాల్‌ప్రాక్టీసు ఇన్సూరెన్సు. పని అంటే మళ్ళీ ఒక్క సమయమే కాదు. నైపుణ్యం, చేతి శ్రమ, బుద్ధితో నిర్ణయించడం, తేడా వస్తే రోగికి ఏమవుతుందోనన్న ఒత్తిడి, అన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ఊరిని బట్టి సర్దుబాటు కూడా ఉంటుంది. రోగి జీతమెంత, రోగి విలువెంత అన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా లేదు.

వాచీ రిపేరు కూడా న్యాయంగా అంతే: పని, దుకాణం ఖర్చు, నష్టభయం. ఊరిని బట్టి తేడా. అయిదువందల రూపాయల వాచీకైనా, అయిదువేల డాలర్ల వాచీకైనా విప్పడానికీ కడగడానికీ కూర్చడానికీ పట్టే సమయంలో పెద్ద తేడా లేదు. మనం చేసే పొరపాటల్లా రిపేరు ధరని వాచీ ధరతో పోల్చడం. రెండూ వేరు వేరు లెక్కలు. ఒకటి ఫ్యాక్టరీ లెక్క, రెండోది చేతి లెక్క.

ఈ రెండు లెక్కల మధ్య దూరం ఎందుకింత పెరిగిందన్నదానికి ఒక చరిత్ర ఉంది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో కంపెనీ మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ధర నాలుగున్నర లక్షల యెన్‌లు. ఆ రోజుల్లో ఆ డబ్బుకి చిన్న కారు వచ్చేదిట. ఆ తరవాత పది పదిహేనేళ్ళలో ఆ ధర పాతాళానికి పడిపోయింది. క్వార్ట్జ్ పలుకు సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒక్క సెకను వస్తుంది. లెక్కల మాస్టారి కొడుకుని గనక ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. అలాంటి యంత్రాన్ని లక్షల్లో తయారు చెయ్యడం తేలిక. అందుకే చవక బ్యాటరీ వాచీ చెడితే ఎవరూ బాగు చెయ్యరు. లోపలి యంత్రం మొత్తం పీకి కొత్తది పెడతారు. అదే న్యాయం కూడా.

కాని పాత వాచీ విప్పి కూర్చడానికి 1966లో ఎన్ని గంటలు పట్టేదో ఇవాళా దరిదాపు అంతే పడుతుంది. ఆ 1966లోనే బామోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సంగీత నాటక కళల మీద పుస్తకం రాస్తూ ఇదే చిక్కు చూపించారు. నలుగురు వాయించే కచేరీని ముగ్గురితో, సగం సమయంలో ముగించలేం కదా. ఫ్యాక్టరీ పనివాడి ఉత్పత్తి పదింతలైతే అతని జీతం పెరుగుతుంది. అతనితో పాటు కచేరీ విద్వాంసుడి జీతమూ పెరగాలి, లేకపోతే అతను ఫ్యాక్టరీకి పోతాడు. మనకి తెలిసిన మాటల్లో చెప్పాలంటే, త్యాగరాజ పంచరత్నాలు పాడడానికి మన తాతల నాడు ఎంతసేపు పట్టిందో మొన్న మన ఆరాధనలోనూ అంతే పట్టింది. వస్తువులు చవకవుతున్న కొద్దీ చేతి పనులు ఖరీదైనట్టు కనిపిస్తాయి. నిజానికి ఖరీదైంది మనిషి గంట. ఆ గంట ఖరీదయ్యిందనే కదా మనమంతా సముద్రాలు దాటి వచ్చాం! మన గంటకి మంచి ధర పలికితే అది ప్రతిభ, ఇంకొకడి గంటకి పలికితే దోపిడీ అనడం ఏం న్యాయం?

అయితే వాచీల రిపేరు వ్యాపారమంతా కడిగిన ముత్యమని నేననను. నా అభ్యంతరాలు మూడున్నాయి.

ఒకటి, ధర విడదీసి చెప్పకపోవడం. ఆ ముసలాయన కూడా నేనడిగాకే చెప్పాడు. చాలా చోట్ల "మెకానికల్ అయితే ఇంత, ఆటోమేటిక్ అయితే ఇంత, క్రోనోగ్రాఫ్ అయితే దానికి రెట్టింపు" అని ఒకే మాట. ఈ పద్ధతిలో ఒక సుఖముంది, చివర్లో బిల్లు పెరగదు. కాని ఏమి చేశారో, ఏమి మార్చారో తెలియదు. మా ఆవిడ వాచీ ఒకటి కంపెనీ సర్వీసు కేంద్రానికి పంపితే, కీ ఇచ్చే చిన్న తల వదులైందని మేము రాస్తే, మొత్తం సర్వీసు చేస్తే తప్ప ముట్టుకోమని వాళ్ళు రాశారు. వేలికి కట్టు కట్టమంటే ఆపరేషన్ అన్నట్టు! వాళ్ళ వాదన వాళ్ళకుంది: సగం పని చేసి మొత్తానికి గ్యారంటీ ఇవ్వలేమంటారు. కాని ఒప్పుకోవాలా వద్దా అన్నది వాచీగలవాళ్ళ చేతిలో ఉండాలి.

రెండు, పేరుని బట్టి ధర. ఖరీదైన వాచీ విప్పేటప్పుడు నష్టభయం ఎక్కువ, ఇన్సూరెన్సు ఎక్కువ, విడిభాగాల ధర ఎక్కువ. అంతవరకు సబబే. కాని ఆ మూడూ తీసేశాక కూడా మిగిలే తేడా ఒకటుంటుంది. "ఇంత వాచీ కట్టుకున్నవాడు ఇంత ఇచ్చుకోలేడా" అన్న లెక్క అది. మన ఊళ్ళో కారు దిగినవాడికి కొబ్బరిబోండాం ధర పెరిగినట్టు.

మూడోది అన్నిటికన్నా పెద్దది, విడిభాగాలు. స్విట్జర్లాండు పెద్ద కంపెనీలు చాలావరకు విడిభాగాలు తాము గుర్తించిన వర్క్‌షాపులకే ఇస్తాయి. చిన్న దుకాణాల వాళ్ళకు ఇవ్వవు. యూరప్‌లో స్వతంత్ర రిపేరుదార్ల సమాఖ్య 2004లో దీనిమీద యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. పదేళ్ళు నలిగాక 2014లో కమిషన్ ఆ ఫిర్యాదుని తోసిపుచ్చింది. 2017లో కోర్టు కూడా కమిషన్ పక్షానే తీర్పిచ్చింది. నాణ్యత కాపాడుకోవడం కంపెనీల హక్కని వాళ్ళ వాదన. నేను లాయర్ని కాను. కాని మందు తయారు చేసే కంపెనీ, మా ఆసుపత్రిలో చూపించుకుంటేనే మందిస్తామంటే మనం ఊరుకుంటామా? పోటీ లేని చోట ధర ఎవరు నిర్ణయిస్తారో వేరే చెప్పక్కర్లేదు.

పని నేర్చుకునేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పెన్సిల్వేనియాలో లిటిట్జ్ అనే చిన్న ఊళ్ళో రోలెక్స్ కంపెనీ ఖర్చుతో 2001లో ఒక వాచీల బడి పెట్టారు. చదువుకి ఫీజు పెట్టలేదు, పనిముట్లు మాత్రం కొనుక్కోవాలన్నారు. ఫీజు లేకుండా నేర్పవలసి వచ్చిందంటే, పని తెలిసిన చేతులు ఎంత కరువయ్యాయో ఊహించుకోవచ్చు. మా ముసలాయనకి శిష్యుడు లేడు. "నా తరవాత ఈ బెంచీ అమ్మకానికే" అన్నాడు మామూలుగా.

ఆ రోజు వాచీ ఇచ్చేసి వచ్చాను. ఆరు వారాలన్నది ఎనిమిదైంది. తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన వాచీ ఇచ్చేముందు వెనకమూత తీసి, తన భూతద్దం నా చేతికిచ్చి, "మీ భాషేమో చదవలేకపోయాను గాని, అంకెలు తెలిశాయి" అన్నాడు. మూత లోపలి వైపు సూదిమొనతో గీసినట్టు సన్నటి గీతలు. 79. 83. 88. 92. 97. 2002. ప్రతి అంకె పక్కనా ఒకే పొడి అక్షరం, తెలుగులో. వాచీ విప్పి సర్వీసు చేసినప్పుడల్లా బాగుచేసినవాళ్ళు ఇలా గీసి పెట్టడం పాత ఆనవాయితీట. మా భాషలో చెప్పాలంటే కేస్‌షీటు. "ఎవరో గాని మంచి పనివాడు. ఒక్క స్క్రూ తల కూడా చెడలేదు. అందుకే నాకు తక్కువ పని పడింది. ఆయన అన్నిసార్లు చెయ్యకపోయి ఉంటే చక్రాలు అరిగిపోయేవి, అప్పుడు నేను మూడొందల పాతిక్కి చెయ్యలేకపోదును" అన్నాడు.

ఆ అక్షరం ఎవరిదో నాకు తెలుసు. తెనాలిలో మా వీధి చివర, మెట్ల కింద బల్లంత దుకాణం. అద్దాల పెట్టె వెనకాల సాయిబు గారు. ఆయన్ని నేను ఆఖరుసారి చూసింది 2012లో. నాన్నగారి బ్యాటరీ వాచీ ఆగిపోతే నేనే తీసుకెళ్ళాను. సెల్లు మార్చి, మూత చుట్టూ రబ్బరు వాషరు కూడా మార్చి, "నూట యాభై ఇవ్వండి బాబూ" అన్నారు. సెల్లు ముప్ఫయి రూపాయలని నాకెక్కడో చదివిన జ్ఞానం. "అయిదు నిమిషాల పనికి నూట యాభయ్యా సాయిబు గారూ?" అన్నాను. ఆయన వాదించలేదు. "మాస్టారి అబ్బాయివి, నీ ఇష్టం బాబూ, ఎంతిస్తే అంత" అన్నారు. వందిచ్చి వచ్చాను. గెలిచినట్టు ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పాను కూడా. ఆయన ఏమీ అనకుండా చొక్కా తొడుక్కుని బయటికెళ్ళి, పావుగంటలో తిరిగొచ్చారు. కాఫీ తాగుతూ, "ఆయన దగ్గర నేనెప్పుడూ బేరమాడలేదురా" అన్నారు, అంతే. ఆ యాభై రూపాయలు అప్పటి రేటుకి డాలరు కూడా చెయ్యదు. అప్పటికి నేను ఈ దేశంలో ప్రాక్టీసు పెట్టి, అయిదు నిమిషాలు స్టెతస్కోపు పెట్టి చూసినందుకు బిల్లు పంపుతూనే ఉన్నాను.

ఆ మూతలో ఉన్న ఆరు గీతలు చూశాక నాకర్థమైంది. బడిపంతులు జీతంలోంచి, నాలుగైదేళ్ళకొకసారి, వాచీ చెడకముందే తీసుకెళ్ళి, అడిగినంత ఇచ్చి వచ్చారాయన. మేము ముగ్గురు పిల్లలం, స్కూలు ఫీజులు, అమ్మ మందులు. అందులోనే ఇదీ. అది దుబారా అని ఆయన అనుకోలేదు. ముప్పయ్యేళ్ళు ఒక వస్తువు నడవాలంటే ఎవరో ఒకరు దాని పక్కన ముప్పయ్యేళ్ళు బతకగలగాలి. ఆ మాట ఆయన లెక్కల పుస్తకంలో లేదు గాని, ఆయనకి తెలుసు.

మొన్న తెనాలి వెళ్ళినప్పుడు ఆ మెట్ల కింద చూశాను. ఇప్పుడది సెల్‌ఫోన్ తొడుగుల దుకాణం. సాయిబు గారు పోయారు. వాళ్ళ అబ్బాయే నడుపుతున్నాడు. "ఆ పనితో ఇల్లు గడవదండీ. ఎవరూ ఇయ్యరు" అన్నాడు. నా బాకీ యాభై రూపాయలే అయినా, అలాంటి యాభైలు ఎన్ని కలిస్తే ఒక దుకాణం మూతపడుతుందో లెక్క వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, పండగకి ఇల్లు సర్దుకునేటప్పుడు ఎలాగూ సొరుగులు తీస్తారు. అందులో ఆగిపోయిన వాచీలు ఒకటో రెండో దొరుకుతాయి. బ్యాటరీవైతే ముందు చచ్చిపోయిన సెల్లు తీయించండి. అలాగే వదిలేస్తే అది కారి లోపలంతా తినేస్తుంది. మామూలు చవక వాచీ అయితే యంత్రం మార్పించండి, లేదా నిస్సంకోచంగా కొత్తది కొనుక్కోండి. మన సాఫ్ట్‌వేర్ మిత్రుడి మాట అక్కడ నూటికి నూరుపాళ్ళు నిజం. కొత్త మోజుతో ఇంటర్నెట్‌లో రంగురంగుల డయళ్ళతో వచ్చే పాత హెచ్.ఎం.టి.లు కొనేవాళ్ళు కాస్త జాగ్రత్త. వాటిల్లో చాలా వాటికి డయలు ఒక చోటిది, యంత్రం ఒక చోటిది, రంగు ఈమధ్య వేసినది. కాని అది తండ్రిదో, తాతదో, మీరు మొదటి జీతంతో కొనుక్కున్నదో అయితే, పని తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్ళండి. ధర విడదీసి చెప్పమని తప్పకుండా అడగండి: పనికెంత, సామానుకెంత, గ్యారంటీ ఎన్నాళ్ళు, మార్చిన పాత భాగాలు తిరిగిస్తారా. ఇవి అడగడం తప్పు కాదు, అడగకపోవడమే తప్పు. జవాబు సరిగ్గా చెప్పినవాడితో మాత్రం బేరం ఆడకండి.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు కూడా, విజయవాడలోనో హైదరాబాదు కోఠీలోనో మెట్ల కింద బల్ల వేసుకుని కంటికి భూతద్దం పెట్టుకున్న మనిషి కనిపిస్తే, ఆయనడిగినంత ఇవ్వండి. మన రూపాయల లెక్క అక్కడైనా మనకి కలిసొస్తుంది కదా!

నాన్నగారి వాచీ ఇప్పుడు రోజుకి పన్నెండు సెకన్లు ముందుకు పోతోంది. అర్ధ శతాబ్దపు గుండెకి అది మంచి రిపోర్టే. మూతలో సాయిబు గారి ఆరు గీతల కింద ఏడోదిగా ఇంగ్లీషు అక్షరం ఒకటి చేరింది. నాలుగేళ్ళ తరవాత ఎనిమిదోది గీయడానికి ఎవరుంటారో తెలియదు. ఉంటే మాత్రం ఆయనడిగిన ఫీజు ఇస్తాను.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఉప్పు మాత్రం తగ్గించండి.